గొడుగు కథ 1852లోనే అయిపోయింది, తర్వాతదంతా హంగామా

"గొడుగు ఎక్కడ పుట్టింది, ఇప్పటి త్రీఫోల్డ్ దాకా ఎలా వచ్చింది?" అని కదా ప్రశ్న. సూటిగా చెప్పేస్తాను, తర్వాత కావాలంటే తిట్టుకోండి. గొడుగు 1852లో పూర్తయింది. అంతకుముందు వేల ఏళ్లు దాన్ని ఓ కొలిక్కి తేవడానికి మనిషి తంటాలు పడ్డాడు. అప్పట్నుంచి దాన్ని చెడగొట్టే పనిలో ఉన్నాడు.

ఇంత ధీమాగా ఎలా చెప్తున్నానంటే, మాది బరంపురం. ఒడిశా బరంపురం. (ఆంధ్రాలో ఎక్కడ అని అడిగేవాళ్లకి: 1936 దాకా మేమూ మద్రాసు రాష్ట్రమే, గీత మారింది, మేము కదల్లేదు.) మా నాన్నది బడా బజార్లో బట్టల కొట్టు. రోహిణి కార్తె వచ్చేసరికి కొట్టు ముందు భాగమంతా గొడుగులే. కలకత్తా నుంచి డజను డజను కట్టలుగా, పాత పేపర్లు చుట్టి వచ్చేవి. కట్ట విప్పగానే కొత్త నల్లగుడ్డ వాసన, దాని వెనకే ఊచలకి పూసిన నూనె వాసన. సగం సెలవులు నాకు వాటిని విప్పి, ముడిచి, కుంటి గొడుగులు పక్కన పడేయడంతోనే సరిపోయేవి. కాబట్టి ఈ విషయంలో నేను పుస్తకాలు చదివినవాళ్లకంటే ఓ మెట్టు పైనే ఉన్నానని నా నమ్మకం.

ముందు ఒకటి తేల్చుకుందాం. గొడుగు వాన కోసం పుట్టలేదు. ఎండకి పుట్టింది. ఆ నీడ కూడా అందరికీ కాదు. నినెవేలో దొరికిన అస్సీరియా రాతి పలకల మీద రాజుగారి నెత్తిన గొడుగుంటుంది, దాన్ని పట్టుకున్నవాడు మాత్రం వెనకాల ఎండలో ఉంటాడు. చైనాలో షియాన్ దగ్గర, ఆ మట్టి సైనికులున్న చోట, 1980లో బయటపడ్డ కంచు రథం మీద కూడా ఇంత పెద్ద గొడుగు, అది క్రీస్తుకి రెండు వందల ఏళ్ల ముందుది. మన సాంచి స్తూపం నెత్తిన ఒకటి కాదు, మూడు ఛత్రాలు. శివాజీ 1674లో పట్టాభిషేకం చేసుకుని ఛత్రపతి అయ్యాడు. గజపతి జిల్లా, గుణుపూర్ వైపు సవరల ఇళ్లలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలు చూశారా? వాటిలో కూడా గుర్రమెక్కిన పెద్దమనిషి, పక్కన గొడుగు పట్టినవాడు కనిపిస్తారు. కొండమీద వాళ్లకి కూడా గొడుగంటే అధికారం అని అర్థమైపోయింది. అంటే అన్ని వేల ఏళ్లూ గొడుగుకి ఇద్దరు మనుషులు కావాలి, పట్టేవాడొకడు, నీడలో ఉండేవాడొకడు. మా ఊళ్లో ఏ దేవుడి ఊరేగింపు బయల్దేరినా పిపిలిలో కుట్టిన రంగురంగుల అతుకుల గొడుగు వెంట ఉండాల్సిందే. ఆ పాత పద్ధతి అంతవరకు బాగానే ఉంది, దేవుడు కదా.

వానకి వాడింది మాత్రం చైనావాళ్లే ముందు, నూనె పట్టించిన కాగితంతో. మరి మనవాళ్లు? మనవాళ్లు తాటాకు గిడుగు చేసుకున్నారు. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో ఊడ్పుల వేళ చూశాను. తలమీద పెట్టుకుంటే వీపంతా కప్పేస్తుంది, వంగి నాటు వేస్తుంటే చుక్క నీరు లోపలికి దిగదు, రెండు చేతులూ ఖాళీ. నన్నడిగితే ఇంతకంటే తెలివైన గొడుగు ఇప్పటికీ రాలేదు. కానీ చరిత్ర రాసేవాళ్లు దీన్ని గొడుగుల లెక్కలో వేయరు, ఎందుకంటే రాజులెవరూ పెట్టుకోలేదు.

ఇక లండన్. 1750ల్లో జోనాస్ హాన్వే అనే వ్యాపారి, పర్షియా దాకా తిరిగొచ్చినవాడు, వానలో గొడుగేసుకుని వీధుల్లో నడవడం మొదలుపెట్టాడు. మగవాడు గొడుగు పట్టుకోవడం ఏంటని జనం నవ్వారు. అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది గుర్రబ్బండి వాళ్లకీ, పల్లకీలు మోసేవాళ్లకీ. వాన పడితేనే కదా వాళ్లకి బేరం. అయినా ఆయన మానలేదు, ముప్పై ఏళ్లపాటు పట్టుకునే తిరిగాడు. ఇది చదివినప్పుడు నాకు మా ఊరి ఆటోవాళ్లు గుర్తొచ్చారు, చినుకు పడిందంటే స్టేషన్ నుంచి ఇంటికి అడిగే రేటు చూస్తే ఆ గుర్రబ్బండివాళ్ల వారసులు వీళ్లే అనిపిస్తుంది. సరే, అది వేరే గోల.

హాన్వే పట్టుకు తిరిగిన రకం గొడుగులు మహా బరువు. తిమింగలం నోట్లోంచి తీసిన ఎముకలాంటి పదార్థంతోనో, పేముతోనో ఊచలు, నూనె పట్టించిన గుడ్డ. తడిస్తే మరీ బరువు. అప్పుడొచ్చాడు శామ్యూల్ ఫాక్స్. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ దగ్గర స్టాక్స్‌బ్రిడ్జ్ అనే ఊళ్లో ఉక్కు తీగలు లాగే కార్ఖానా ఆయనది. 1852లో ఆయన చేసిందల్లా ఇంతే, గొడుగు ఊచని నిండు తీగలా కాకుండా సన్నటి కాలవలా, అంటే రెండు అంచులూ పైకి లేచి మధ్యలో గాడి ఉండేలా చేశాడు. ఇందులో అంత గొప్పేముంది అంటారా? ఇంట్లో పాత శుభలేఖ ఒకటి తీసి బెత్తెడు వెడల్పు ముక్క కత్తిరించండి. ఒక చివర పట్టుకుంటే రెండో చివర వాలిపోతుంది. ఇప్పుడు పొడుగునా రెండంచులూ పైకి మడిచి పట్టుకోండి, నిటారుగా నిలబడుతుంది. కాగితం అదే, బరువు అదే, బలం ఎన్నో రెట్లు. ఊచ తేలికైంది, గొడుగు సన్నబడింది, ఒక్క మనిషి ఒక్క చేత్తో పట్టుకుని నడిచేంత అయింది. గొడుగు పట్టేవాడి ఉద్యోగం ఫాక్స్ దెబ్బకి పోయింది. దీనికంటే పెద్ద మార్పు ఇంకేం కావాలి?

కొట్లో మా నాన్న గొడుగు తెరిచి, ఊచ కిందివైపు గోరు పెట్టి లాగేవాడు. గోరు గాడిలో జారితే మంచి సరుకు. గుండ్రంగా తగిలితే తిరుగు టపా. ఫాక్స్ పేరు ఆయన చచ్చేదాకా వినలేదు, పరీక్ష మాత్రం ఆ ఊచకే.

ఆ ఉక్కు ఊచల గొడుగు మా వైపు ఎప్పుడొచ్చిందో గానీ, మా తాతయ్య మొదటి గొడుగు నౌపడ నుంచి పర్లాకిమిడి వచ్చే చిన్న రైల్లో దిగిందని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ రైలు 1900లో వేశారు. తాతయ్యది ఒక జమీందారీ కింద ఊరు, ఏ జమీ అని అడక్కండి. అక్కడ దివాణం ముందు నుంచి వెళ్లేటప్పుడు గొడుగు ముడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి. వాన కురుస్తున్నా సరే. తాతయ్య కొన్నేళ్లు అలాగే ముడిచి, తర్వాత చెరువు గట్టు మీంచి చుట్టూ తిరిగి వెళ్లేవాడట, మైలు ఎక్కువైనా పర్వాలేదని. తిరువాన్కూరులోనైతే కొన్ని కులాల వాళ్లు గొడుగు పట్టకూడదని ఆంక్షలే ఉండేవి. గొడుగు చరిత్ర అంటే గుడ్డ మారింది, పిడి మారింది అని రాస్తారు గానీ, ఎవరు ముడవాలో ఎవరు విప్పొచ్చో ఒక్కరూ రాయరు. నాకు చిరాకు అక్కడే.

ఇప్పుడు చెడగొట్టిన కథ. 1928లో జర్మనీలో హాన్స్ హాప్ట్ అనే ఆయన జేబులో పట్టే మడత గొడుగు తెచ్చాడు. యుద్ధంలో గాయపడి చేతికర్రతో నడిచేవాడట, కర్రా గొడుగూ రెండూ మొయ్యడం కష్టమై ఈ ఆలోచన చేశాడంటారు. ఆయన అవసరం న్యాయమే. మరి మీ కాలికేమైంది?

పొడుగు గొడుగు ఊచకి కీళ్లు తక్కువ. పైన ఒకటి, నడుమ పొట్టి ఊచ వచ్చి తగిలే చోట ఒకటి. మడత గొడుగులో ఊచనే మూడు ముక్కలు చేసి, ముక్క ముక్కకీ మేకులు, స్ప్రింగు తీగలు పెడతారు, ఎనిమిది ఊచలకీ అంతే. ఎన్ని కీళ్లుంటే అన్ని చోట్ల విరుగుతుంది, ఇది చెప్పడానికి ఇంజనీరింగ్ చదవాలా?

మా మేనకోడలి పెళ్లిలో జరిగింది చెప్తే మీకే తెలుస్తుంది. కాశీయాత్రకి గొడుగు, చెప్పులు, చేతికర్ర ఆడపెళ్లివాళ్లే ఇవ్వాలి కదా. మా బావ ఆన్‌లైన్‌లో తెప్పించాడు, మెరూన్ రంగు త్రీఫోల్డ్, అంచుకి జరీ, పిడి మీద బటన్. పెళ్లికూతురి పట్టుచీరకి మ్యాచింగ్ అని మా అక్క ఒకటే సంబరం. కల్యాణ మండపం గేటు బయట, సన్నాయి వాయిస్తుండగా, పెళ్లికొడుకు చేతిలో ఆ కట్ట పెట్టారు. పలాస అబ్బాయి, నెమ్మదస్తుడు. ఎదురుగా మా మేనల్లుడు పళ్లెంలో బెల్లం ముక్క పట్టుకుని, "కాశీ వద్దు బావా, మా చెల్లిని చేసుకో" అనే డైలాగు బట్టీపట్టి నిలబడ్డాడు. పెళ్లికొడుకు బటన్ నొక్కాడు. నొక్కడమే ఆలస్యం, తుపాకీ పేలినట్టు టప్పుమని తెరుచుకుని, పళ్లెం అంచుకి తగిలి, బెల్లం ఎగిరి సన్నాయి ఆయన ఒళ్లో పడింది. అక్కడితో ఆగినా బాగుండు. మా ఊరి పక్కనే ఉన్న గోపాల్పూర్ సముద్రం వైపు నుంచి గాలి ఒక్కసారి కొట్టింది, గొడుగు వెనక్కి తిరగబడింది. పెళ్లికొడుకు కంగారుపడి కిందికి లాగాడు. రెండు ఊచలు నడుమకి విరిగాయి, గుడ్డ మూడు మూలల్లో ఊడి వేలాడింది. పక్కింటి ఒడియావాళ్లు అప్పటికే ఫోన్లు తీసి వీడియో పడుతున్నారు, ఇది కూడా తంతులో భాగమే అనుకున్నట్టున్నారు, ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

మా పెద్దమావయ్యకి ఎనభై దాటాయి. కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు, "ఏటిరా ఇది? దీన్నట్టుకుని కాశీ ఎల్తాడా? గోపాల్పూర్ దాకా కూడా ఎల్లలేడు." అని, ఒక కుర్రాణ్ణి స్కూటీ మీద పంపి ఇంట్లోంచి తన గొడుగు తెప్పించాడు. పేము పిడి, చెక్క కాడ, నల్ల గుడ్డ, ఎండకి కొంచెం ఆకుపచ్చకి తిరిగింది. గుడ్డ రెండుసార్లు మార్పించాడు గానీ ఊచలు మాత్రం కొన్నప్పటివే. ఇక ఆడవాళ్లు మొదలెట్టారు. శుభమా అని పెళ్లి చేసుకుంటుంటే నల్ల గొడుగేమిటి, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, దానికి పసుపు గుడ్డ చుట్టండి అని ఒకళ్లు, చుడితే తెరుచుకోదు అని ఇంకొకళ్లు. ముహూర్తం టెన్షన్ ఒకపక్క.

పంతులుగారే కేసు తేల్చారు. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ఉంది కదమ్మా అని మొదలుపెట్టారు. జమదగ్ని మహర్షి సరదాగా బాణాలు వేస్తుంటే రేణుకాదేవి ఏరి తెచ్చి ఇస్తోంది. మిట్టమధ్యాహ్నం ఎండకి ఆవిడ కాళ్లు బొబ్బలెక్కి, తల మాడిపోయి, ఒక చెట్టు నీడన ఆగి ఆలస్యంగా వచ్చింది. సంగతి తెలిసి జమదగ్ని సూర్యుడి మీదకే బాణం ఎక్కుపెట్టాడు. సూర్యుడు బ్రాహ్మడి వేషంలో దిగొచ్చి, కాళ్లావేళ్లా పడి, ఆవిడకని గొడుగూ చెప్పుల జతా ఇచ్చి వెళ్లాడు. ఈ గొడుగూ చెప్పులూ దానం ఇవ్వడం అక్కడి నుంచి వచ్చిందే. ఇంతా చెప్పి ఆయన, "సూర్యుడు రంగు చూసి ఇవ్వలేదమ్మా, ఇటు తెండి" అన్నారు. నల్ల గొడుగు కిందే కాశీయాత్ర నడిచింది. అదే గాలి ఇంకా గట్టిగా కొట్టింది, గొడుగు ఊగింది, అంతే.

మీకు తెలుసుగా, ఆ గొడుగు పెళ్లికొడుక్కే చెందుతుంది. మావయ్యకీ తెలుసు. అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే ఈయన మగపెళ్లివారి బస్సు దగ్గరికి నడుచుకుంటూ వెళ్లి, సామాన్ల మధ్య నుంచి గొడుగు లాక్కుని, "అది లాంఛనం కాదు బాబూ, అరువు" అని చెప్పి వచ్చేశాడు. వియ్యపురాలు ఇప్పటికీ దెప్పుతుంది.

మర్నాడు మా బావ ఆ మెరూన్ గొడుగు బాగుచేయించమని నా మొహాన పడేశాడు. బడా బజార్ సందులో మూసేసిన కొట్టు మెట్ల మీద కూర్చునే ముసలాయన దగ్గరికి పట్టుకెళ్లాను. సగం తెలుగు సగం ఒడియా మాట్లాడతాడు. ముందు చిన్న గోనెపట్టా, మీద పట్టకారు, సన్న తీగచుట్ట, గొడుగు దారం, పాత ఊచల కట్ట. పొడుగు గొడుగైతే ఆయన పని చూడముచ్చటగా ఉంటుంది. కాడ పైన చక్రానికి చుట్టూ గాళ్లుంటాయి, ఎనిమిది ఊచల చివర్లూ ఆ గాళ్లలో కూర్చుంటాయి, వాటి కన్నాల్లోంచి ఒకే ఒక్క తీగ హారంలా తిరుగుతుంది. ఆ తీగ ముడి విప్పి, విరిగిన ఊచ తీసి, కట్టలోంచి సరిపడేది ఏరి, కన్నంలోంచి తీగ దూర్చి మెలిపెట్టి, గుడ్డ మూల నాలుగు కుట్లతో చివరకి బిగిస్తాడు. మీరు టీ తాగి వచ్చేలోపు పని అయిపోతుంది. నా మెరూన్ గొడుగు తిప్పి తిప్పి చూసి, విరిగిన కీలుని వేలితో నొక్కి, "ఇది మేకులతో బిగించేశారు బాబూ, విప్పడానికి లేదు. ఊచ కాదు, రేకు" అని తిరిగిచ్చేశాడు. పైసా అడగలేదు.

ఇప్పుడు ఆ మెట్ల మీద మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఏ కొట్లో అడిగినా ఒకటే మాట, "బాగుచేయించడమెందుకు సార్, కొత్తది కొనుక్కోండి". వాన వెలిసాక మా వీధి కాలవలో చూడండి, విరిగిన త్రీఫోల్డులే. దీన్నే మీరు పరిణామం అంటున్నారు.

ఇంకొకటి చెప్పి ఆపేస్తాను, ప్రశ్నలో లేకపోయినా. గొడుగు ఎండకి పుట్టిందన్నాను కదా, మా ఒడిశాలో ఆ సంగతి బాగా తెలియాలి. 1998 వేసవిలో ఎండదెబ్బకి రాష్ట్రంలో 2000 మందికి పైగా పోయారు. ఏటా వేసవి రాగానే ప్రభుత్వం గొడుగు పట్టుకెళ్లండి, నీళ్లు పట్టుకెళ్లండి అని చెప్తూనే ఉంటుంది. ఏం లాభం, ఏప్రిల్ మధ్యాహ్నం గేటు బజార్లో నిలబడి చూడండి. గొడుగు ఉన్నవాళ్లు ఆడవాళ్లు, ముసలివాళ్లు, కొండల్లోంచి సంతకి దిగినవాళ్లు. మగపిల్లలు కర్చీఫ్ తలకి కట్టుకుని, కళ్లు చికిలించుకుని పోతుంటారు. మా అబ్బాయికి నల్ల గొడుగు ఇస్తే "నాన్నా, నవ్వుతారు" అన్నాడు. ఎవర్రా నవ్వేది? హాన్వేని చూసి నవ్విన లండన్ వాళ్లే తర్వాత గొడుగు లేకుండా గడప దాటలేదు, మనవాళ్లు మాత్రం ఇంకా 1750లోనే ఉన్నారు.

కొనాలనుకునేవాళ్లకి: పొడుగుదే కొనండి. తెరిచి ఊచ కింద గోరు పెట్టి లాగండి, గాడి తగలాలి. మూలల్లో గుడ్డని ఊచకి దారంతో కుట్టారో, ప్లాస్టిక్ టోపీ తొడిగారో చూడండి, టోపీ అయితే వద్దు. ఇక బరంపురం, ఛత్రపూర్, పర్లాకిమిడి వైపు పొడుగు గొడుగు ఊచలు మార్చేవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే కింద కామెంట్లో ఏ సందులో కూర్చుంటారో రాయండి. మా నాన్న కొట్లో మిగిలిన గొడుగులు రెండు ఉన్నాయి, ఒకదానికి రెండు ఊచలు పోయాయి, రెండోదానికి పిడి ఊడింది.